మా మనుమరాలి గొడుగు

మా యింట రెండున్నర యేండ్ల పసిపిల్ల యొకతె కలదు. బొమ్మలన్న ఆమెకు అంత మక్కువ లేదు. ఒక నల్లని చిన్న గొడుగన్న ప్రాణము. తెల్లవారి లేచినది మొదలు దాని నీడ్చుకొనుచు వాకిటికిని పెరటికిని తిరుగును. రాత్రి డాబామీదికి పోయినను గొడుగు విప్పవలసినదే. వెన్నెలలో గొడుగెందుకమ్మా అని నేనందును. “ఎండ తాతా, ఎండ” అని ఆమె చందమామ వైపు చేయి చూపును. ఆ గొడుగు ఆమె చేతికి ఎట్లు వచ్చినదో, దాని వెనుక నా తప్పిదమెంత కలదో చెప్పుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. ముప్పది యేండ్లు బరంపురమున తెలుగు పిల్లలకు సామాన్యశాస్త్రము బోధించి పదవీ విరమణ చేసినవాడను. ఈ తప్పిదము మరియొకరు చేసినచో అంత సిగ్గుపడవలసిన పని లేకుండెడిది.

2023 ఆగస్టు నెలలో మా పెద్దమ్మాయి మా యింటనే ప్రసవించెను. మా జిల్లావారనేకులు పోయినట్లే మా అల్లుడును సూరతునకు పోయి బట్టల మిల్లులో పని చేయుచున్నాడు. అందుచేత తల్లియు బిడ్డయు మా యొద్దనే ఉండిపోయిరి. బిడ్డను చూడవచ్చినవారు ముక్కున వ్రేలు వైచుకొనిరి. పాలమీగడవంటి మేను, పట్టుకుచ్చువంటి తెల్లని జుట్టు. “దొరసాని పుట్టింది మేష్టారూ, అదృష్టవంతులు” అని వీధివారనిరి. పొరుగింటి ఒడియా యిల్లాలు ‘గోరీ’ యని ముద్దుపేరు పెట్టెను. తెల్లని తోలునకు మన దేశమున ఉన్న గిరాకి మీరెరుగనిది కాదు. మొదటి రెండు నెలలు మా యింట పండుగ జరిగినట్లే యుండెను. మూడవ నెలలో బిడ్డ కనుపాపలు నిలువక అటునిటు ఊగుట మా యింటావిడ కనిపెట్టెను. కిటికీ తెరచినచో బిడ్డ కన్నులు గట్టిగా మూసికొని ఏడ్చెడిది. ఆనాటినుండి పొగడినవారే పెదవి విప్పుట మానిరి.

వైద్యుడు పరీక్షించి, ఇది ఆల్బినిజమ్ అను పుట్టుకలక్షణమని చెప్పెను. చర్మమునకును, జుట్టునకును, కంటికిని రంగు నిచ్చు పదార్థమునకు మెలనిన్ అని పేరు. దానిని తయారు చేసికొను శక్తి ఈ బిడ్డ శరీరమునకు లేదు. మెలనిన్ అనునది చర్మము తనకు తాను పట్టుకొన్న గొడుగు వంటిది; ఆ గొడుగు లేకయే ఈ బిడ్డ మన యెండల దేశమున పుట్టినది. కంటిలోను ఆ రంగు లేనందున వెలుతురు సహింపదు, చూపు మందగించును. అద్దములు కొంత సాయపడును గాని పూర్తి చూపు నీయజాలవు. బుద్ధికి మాత్రము లోపమేమియు లేదు. ఇది అంటువ్యాధి కాదు. గ్రహణమునాడు తల్లి బయటకు వచ్చినందున గాని, కుంకుమపువ్వు పాలు మితిమీరి త్రాగినందున గాని కలుగునది కాదు. ఈ రెండును మా వీధిలో నేను చెవులార విన్న కారణములే.

మరి యెట్లు కలిగినది? దీనికి సమాధానము నేను ఏటేట పదవ తరగతిలో చెప్పుచుండినదే. మెండెలు బఠాణీ మొక్కల పాఠము. తల్లియందును తండ్రియందును ఒక్కొక్క లోపపు జన్యువు దాగియున్నచో వారికి ఏమియు తెలియదు. కాని ప్రతి కాన్పునను నాలుగింట నొక పాలు ఇట్టి బిడ్డ కలుగుట కవకాశముండును. దగ్గరి బంధువులైనచో ఒకే జన్యువు ఇరువైపుల దాగియుండుట హెచ్చు. నా కుమార్తెను మా అప్ప కుమారునకే యిచ్చితిని. సంబంధము కుదిర్చినవాడను నేనే. నల్లబల్లమీద నేను సుద్దముక్కతో గీసిన ఆ నాలుగు గడుల పట్టీ నా యింటికే వచ్చి కూర్చుండునని ఏనాడును తలపలేదు.

“మన వంశంలో ఇలాంటిది ఎక్కడా లేదురా తమ్ముడూ. మీ ఆవిడ వైపు నుంచి వచ్చి ఉంటుంది” అని మా అప్ప అనెను. ఆ మాట విని మా యింటావిడ రెండు దినములు సరిగా అన్నము తినలేదు. మూడవనాడు నేను, “వెనకగది చిన్నతాత గుర్తు లేడా అప్పా?” అని అడిగితిని.

ఆయన మా తాతగారి తమ్ముడు. 1970 ప్రాంతమున, నా చిన్నతనమున, మా పాత యింటి వెనుకగదిలో నుండెడివాడు. చుట్టములు వచ్చినపుడు ఆ గది తలుపు మూసెడివారు. శుభకార్యములకు ఆయనను తీసికొని పోయెడివారు కారు. సంజవేళ తడిగుడ్డ తలపై వైచుకొని పెరటిలో త్రాడు పేనుచుండగా నేను చూచితిని. జుట్టు తెల్లన, అది ముసలితనపు తెలుపని అనుకొంటిని. కన్నులు ఊగుచుండెడివి. పడుచుతనమున గంజాము తీరపు ఉప్పుమళ్ళలో పని చేసెనట. ఉప్పుమడిలో కంటికి నేలయు తెలుపే, ఆకాశమును తెలుపే. తల దాచుకొనుటకు చెట్టు ఉండదు. ఆయన చెవిమీదను మెడవెనుకను మానని పుండ్లుండెడివి. వానితోనే పోయెను. ఏ జబ్బని ఎవరును అడుగలేదు. ఇపుడు తలచుకొనగా అవి చర్మపు క్యాన్సరు పుండ్లేమో యని తోచుచున్నది. మా అప్ప చాలసేపు ఏమియు మాటాడలేదు. పిమ్మట కోడలి చేతినుండి బిడ్డను తీసికొని ఒడిలో పెట్టుకొనెను.

“ఎండ తగలనీయకండి” అని వైద్యుడు మరీమరీ చెప్పియుండెను. ఎండ యనగా వేడి యని నేను గ్రహించితిని. 2024 వేసవియంతయు తలుపులు వైచి, తడిపిన వట్టివేళ్ళ తడికలు కట్టి బిడ్డను కాపాడితిమి. చలికాలము రాగానే గండము గడచినదని తలచితిమి. 2025 ఫిబ్రవరి 12వ తేది మాఘపూర్ణిమ. సముద్రస్నానమునకు ఇంటిల్లిపాదియు గోపాలపురము పోతిమి. మా యూరికి అది పదునారు కిలోమీటర్లు. ఆకాశమున పలుచని మబ్బు. గాలి చల్లగా వీచుచుండెను. బిడ్డకు పలుచని మల్లుచొక్కాయి తొడిగి, తలకు అంచులేని కుళ్ళాయి పెట్టితిమి. పది గంటలకు ఇసుకలో కూర్చుండినవారము ఒంటిగంటకు గాని లేవలేదు. అలల నురుగు పాదములకు తగిలినపుడెల్ల బిడ్డ కేరింతలు కొట్టెను. ఏడాదిన్నర ప్రాయమున అంతటి సంతోషము ఆమె ముఖమున మేమదివరకు చూచి యెరుగము. “ఎండ లేదు కదా, ఇంకొంచెంసేపు ఆడనీ” అని కూతురితో అన్నది నేనే.

సాయంకాలమునకు బిడ్డ భుజములు, చెవులు, పాదముల పైభాగము ఎర్రగా కందిపోయినవి. రాత్రి జ్వరము. తెల్లవారుసరికి భుజముపై బొబ్బలు లేచినవి. ఎత్తుకొనబోయినను ఏడుపు, దింపినను ఏడుపు. వైద్యుడు బొబ్బలు చిదుపవలదనియు, మంచుగడ్డ పెట్టవలదనియు, చల్లని తడిగుడ్డ వైచి నీరును పాలును ఎక్కువగా పట్టవలెననియు చెప్పి మందులిచ్చెను. “మేష్టారూ, మీరు సైన్సు చెప్తారు కదా” అని మాత్రమనెను. ఆయన కోపముతో అనలేదు. కోపపడినచో నాకు కొంత తేలికగా నుండెడిది.

విద్యార్థులారా, పట్టకముగుండా వెలుతురు పోయి ఏడు రంగులుగా విడుటను మీరు చూచినారు. 1800వ సంవత్సరమున విలియం హెర్షెల్ అను ఖగోళశాస్త్రవేత్త ఆ రంగులలో ఉష్ణమాపకము పెట్టి చూచెను. ఎరుపు రంగును దాటి, కంటికేమియు కనపడని చోట, ఉష్ణమాపకమున పాదరసము పైకి లేచెను. అవి పరారుణ కిరణములు. మరుసటి యేడు, 1801లో, రిట్టరను జర్మనీ శాస్త్రజ్ఞుడు రెండవ కొసను పరీక్షించెను. ఊదారంగును దాటిన చీకటి తావున సిల్వర్ క్లోరైడు తక్కిన రంగులలోకంటె త్వరగా నల్లబడెను. అవి అతినీలలోహిత కిరణములు. చర్మమును కాల్చునవి ఈ రెండవవి. వీని రాక చర్మమునకు వెచ్చగా తోచదు, కంటికి కనపడదు. పలుచని మబ్బు వేడిని తగ్గించును గాని వీనిలో చాల భాగమును లోనికి రానిచ్చును. ఎండిన ఇసుక కొంత పైకి విసరును, సముద్రపు నురుగు అంతకంటె హెచ్చుగా విసరును. కావున నెత్తిమీది కుళ్ళాయి క్రిందినుండి వచ్చుదాని నాపజాలదు. తడిసిన పలుచని నూలుబట్ట పొడిబట్టకంటెను తక్కువగా నడ్డును. పైగా కాలిన సంగతి అప్పుడే తెలియదు. కొన్ని గంటలకు గాని ఎరుపు తేలదు. చల్లగాలి, మబ్బు, ఇసుక, నురుగు, తడిచొక్కాయి. ఒక్కటి విడువకుండ అన్నిటిని నేనా దినమున బిడ్డ చుట్టును కూర్చితిని. హెర్షెల్ పేరును రిట్టరు పేరును పరీక్షలలో ఎన్నిమారులు ప్రశ్నలుగా ఇచ్చితినో లెక్క లేదు.

గోపాలపురము ఒకనాడు ఇంగ్లీషువారికి విడిది. వారు జీలుగుబెండుతో చేసిన సోలా టోపీ లేక గడప దాటెడివారు కారు. సూర్యకిరణములు పుర్రెలో దూరి మెదడును చెరచునని వారి భయము. ఆ భయము శాస్త్రమునకు నిలువలేదు. కాని ముఖమునకును మెడకును నీడ నిచ్చు వెడల్పు అంచు మాత్రము మంచిదే. తప్పుడు కారణమునకు సరియైన టోపీ పెట్టుకొనిరి. నేను కారణము చదువుకొనియు సరియైన టోపీ పెట్టనైతిని.

బొబ్బలు మానినవి. నాకు పట్టిన భయము మానలేదు. కిటికీలకు రెండుపొరల నల్లగుడ్డలు కట్టించితిని. పగలు తలుపు తీయవలదని ఆజ్ఞ. మూడు వారములిట్లు గడచినవి. బిడ్డ తలుపు నొద్ద కూర్చుండి రెండు చేతులతోను బాదెడిది. అన్నము తినుట తగ్గించెను. ఒకనాడు మా అమ్మాయి ఆ చీకటిలో నిలుచుండి, “నాన్నా, చిన్నతాతగారి గది ఇలాగే ఉండేదా?” అని అడిగెను.

నేను సమాధానము చెప్పలేదు. నీడ వేరు, చాటు వేరు. మా పెద్దలు ఆయనను చాటున పెట్టిరి. ఎండ తగులవలసిన వయసున నీడ మాత్రమీయలేదు. నేనును అదే త్రోవలో పోవుచుంటినని ఆ మాటతో తెలిసినది. ఆ సాయంకాలమే నల్లగుడ్డలు విప్పి, బజారునకు పోయి గొడుగు తెచ్చితిని.

పిమ్మట మేమేర్పరచుకొన్న పద్ధతి తల్లిదండ్రులకు ఉపయోగపడునని కొంత విప్పి చెప్పుచున్నాను. మా బిడ్డవంటి బిడ్డలకే గాక, మేని రంగు బాగుగా తెలుపైన ఏ పసివారికైనను ఇవి చెల్లును. అన్నిటికంటె ముందు బట్ట. బట్టను వెలుతురునకెత్తి చూడవలెను. అవతలి దీపము కనపడినచో అది ఎండకు పనికిరాదు. దట్టముగా నేసిన నూలుబట్ట, మణికట్టు దాక చేతులు, మడమ దాక లాగు. తెలుపుకంటె ముదురు రంగు ఈ కిరణముల నెక్కువగా ఆపును. మా యింటావిడ తన పాత ముదురునీలపు నేతచీరను చింపి వదులుగా మూడు చొక్కాలు కుట్టెను. గాలి ఆడును గనుక ఉక్కపోయదు. టోపీకి చుట్టును నాలుగంగుళముల అంచు, వెనుక మెడమీదికి జారు గుడ్డ. మొదట పదినాళ్లు బిడ్డ దానిని పీకి పారవైచెను. మేమిద్దరమును టోపీలు పెట్టుకొని ఎదుట కూర్చుండిన పిమ్మట ఒప్పుకొనెను. ఈ వయసున అద్దాల సంచిలో ముసలిదంపతులము టోపీలు మోయుచుండుట చూచి వీధివారు నవ్విన మాట నిజమే.

బట్ట కప్పని చోట్లకు సన్‌స్క్రీన్ లేపము. దీనికై మొదట నేనొక దుకాణమునకు పోయి “ఎండకు రాసే క్రీము, పసిపిల్లకు” అని అడుగగా, ఆ అబ్బాయి తెల్లబడుటకు పూయు క్రీము చేతిలో పెట్టెను. బిడ్డ నా భుజముపైననే యుండెను. వాడొకసారి బిడ్డను, ఒకసారి క్రీమును చూచి తల దించుకొనెను. వైద్యుడు చెప్పిన ప్రకారము జింక్ ఆక్సైడు కలిసిన, ఎస్.పి.ఎఫ్. 30 గాని అంతకు హెచ్చు గాని గల లేపము వాడుచున్నాము. ముందుగా ముంజేతిపై కొంచెము రాసి చూచి, దద్దురు లేకున్న తక్కినచోట్ల రాయవలెను. బయలుదేరుటకు కొంత ముందుగా దట్టముగా పూసి, రెండు గంటల కొకమారు, నీట తడిసిన వెంటనే, మరల పూయవలెను. చెవులు, పాదములు మరువరాదు. మాకు కాలినవి అవే గదా. ఆరు నెలలు నిండని శిశువులకు లేపముకంటె నీడయే తగినది. కొబ్బరినూనెయు, వెన్నయు, పసుపును ఈ పనికి చాలవు. లేపము ఖరీదు గలది, సామాన్య కుటుంబమునకు భారమే. ఆఫ్రికాలో టాంజానియా దేశపు మోషి పట్టణమున ఆల్బినిజమ్ గలవారి కొరకే లేపమును స్థానికముగా తయారు చేయుచున్నారని చదివి, మన దేశమునను అట్టిది కావలెనని అనుకొంటిని. ఐక్యరాజ్య సమితి 2014లో తీర్మానించి జూన్ 13వ తేదిని వీరికై ఒక దినముగా ఏర్పరచినది.

కంటికి నల్లద్దములు. ఇంటిలో కిటికీ అద్దము కాల్చు కిరణములను చాలవరకు ఆపును గాని, వానిలో ఒక తెగ దాని నుండియు లోనికి వచ్చును; అందుచే మంచమును కిటికీకి దూరముగా జరిపితిమి. ఎండ లేనందున తగ్గు డి విటమినును వైద్యుడు చుక్కల మందుగా ఇచ్చుచున్నాడు.

కాని వేళ యన్నిటికంటె ముఖ్యము. దీనికి పసిపిల్లకును తెలియు కొలత యొకటి కలదు. మన నీడ మన పొడవుకంటె పొట్టిగా ఉన్నంతసేపు ఎండ కాల్చునది. నీడ మనకంటె బారైనపుడు ఆ వాడి తగ్గును. ఇది అన్ని కాలములకును, అన్ని యూళ్ళకును చెల్లును. ఆ మాఘపూర్ణిమనాడు చలిగాలిలో మా నీడ మా పొడవులో మూడింట రెండు పాళ్ళు మాత్రమే యుండినది. చూచినవారు లేరు. మా బిడ్డకు దూరపు వస్తువులు కనపడవు గాని తన నీడ కాళ్ళయొద్దనే యుండును గనుక కనపడును. వాకిట నిలిచి వంగి చూచి, “పొత్తి” అని తానే గొడుగుతో లోనికి వచ్చును. ‘పొట్టి’ యనుట ఇంకను నోరు తిరుగదు. ఉదయము ఏడు లోపలను, సాయంకాలము సూర్యుడు వాలిన పిమ్మటను గోపాలపురమునకు పోవుచున్నాము. నురుగులో అవే కేరింతలు.

2025 వేసవి సెలవులలో మా వీధిలోని తొమ్మిదవ తరగతి పిల్లలు నలుగురు నా యొద్దకు వచ్చిరి. నీడ సంగతి వారితో చెప్పగా మీటరు కఱ్ఱ యొకటి పాతి దినదినము కొలిచిరి. మే నెల నడుమ ఒకనాడు కఱ్ఱకు నీడయే లేకపోయెను. మా యూరి అక్షాంశము పందొమ్మిది డిగ్రీలకు పైన గనుక మే నెల నడుమను, మరల జూలై చివరి వారమునను సూర్యుడు సరిగా నడినెత్తికి వచ్చును. వారి ఆశ్చర్యము మరియొకటి: అప్పుడు గడియారమున పన్నెండు కాలేదు, పదకొండు ముప్పావు దాటి రెండు మూడు నిమిషములు. దేశమంతటికి గడియారము కాకినాడకు దాపుగా పోవు 82½ డిగ్రీల రేఖను బట్టి నడచును. మనము దానికి తూర్పున నున్నాము గనుక మన మధ్యాహ్నము ముందే వచ్చును. “పన్నెండు కొట్టలేదు కదా, ఇంకా మిట్టమధ్యాహ్నం కాలేదు” అనుకొను తల్లులు దీనిని గమనింపవలెను.

ఆ పిల్లలలో ఒకడు కొలుచుట ముగించి, “మేష్టారూ, మీ పాప బళ్ళోకి వస్తే ఎక్కడ కూర్చుంటుంది?” అని అడిగెను. ముందు వరుసలో, నల్లబల్లకు దగ్గరగా, కిటికీ వెలుతురు ముఖమున పడని చోట అని చెప్పితిని. ఆటల గంట మిట్టమధ్యాహ్నమున పెట్టరాదనియు, పెద్ద అక్షరముల పుస్తకము కావలెననియు చెప్పితిని. తక్కువ చూపును 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము లెక్కలోనికి తీసికొన్నదని, కావున ఇవి దయతో అడుగవలసినవి కావని కూడ చెప్పితిని. వాడు వ్రాసికొనెను.

మరునాడు వారు మా పెరటికి వచ్చి వేపచెట్టు నీడ చుట్టును గంటగంటకు సుద్దతో గీతలు గీసి, గీత ప్రక్కన గంట వేసిరి. ఏ వేళ బిడ్డ ఎచ్చట కూర్చుండి ఆడుకొనవచ్చునో చూచినంతనే తెలియును. నెల రోజులు మా యింట అదే గడియారము. జూన్ వానలకు గీతలు కొట్టుకొని పోయినవి. ఈ మే నెలలో మరల వచ్చి సున్నముతో గీయుదుమనిరి.